టాకోస్ ఎల్ గోర్దో, చూలా విస్టా: ఏ లైన్లో నిలబడాలి, ఏం అడగాలి

శాన్ డియేగో నుంచి దక్షిణంగా మెక్సికో సరిహద్దు వైపు వెళ్తుంటే దారిలో తగిలే ఊరు చూలా విస్టా. అక్కడ బ్రాడ్‌వే రోడ్డు మీదున్న టాకోస్ ఎల్ గోర్దో హంగూ ఆర్భాటం లేని కొట్టు. 1972లో సరిహద్దుకు అవతల టిహువానాలో మొదలై, 1998లో ఇవతలికి వచ్చింది. లాస్ వేగస్‌లోనూ బ్రాంచీలున్నాయి. మనవాళ్ళలో చాలామందికి ఈ పేరు తెలిసింది వేగస్ ట్రిప్పుల వల్లే. టాకోలు (మొక్కజొన్న రొట్టెలో మాంసం పెట్టి మడిచినవి) చవగ్గా పెట్టే కొట్లు కాలిఫోర్నియాలో వీధికొకటి ఉంటాయి గానీ, మాంసాన్ని మన కళ్ళ ముందే కోసి, ఆ రొట్టెని, అంటే టోర్టియాని, అప్పటికప్పుడు పెనం మీద కాల్చి, ఇంత శ్రద్ధగా పెట్టేవి తక్కువ. రుచికి వంక పెట్టే పనిలేదు. పద్ధతి తెలియకుండా వెళితే మాత్రం గంటసేపు నిలబడి చల్లారిన టాకోలు తిని వస్తారు.

ఆ పద్ధతి ఇదీ. మామూలు హోటల్లోలా ఒక కౌంటర్ దగ్గర అన్నీ చెప్పి, నంబరు పిలిచేదాకా కూర్చోవడం ఇక్కడ లేదు. మాంసాన్ని బట్టి లైను. అడోబాదాకి (ఎర్ర మసాలా పట్టించిన పంది మాంసం) ఒకటి, కార్నె ఆసాదాకి (కాల్చిన బీఫ్) ఒకటి, సువాదేరో, లెంగువా, కాబేసా, త్రిపా లాంటివన్నీ కలిపి ఒకటి. ఏది ఏమిటో కింద ఒక్కొక్కటిగా చెబుతాను. తలెత్తి చూస్తే ఏ కౌంటర్లో ఏం దొరుకుతుందో పైన బోర్డు ఉంటుంది. బ్రాంచిని బట్టి ఏ లైన్లో ఏవి కలుపుతారన్నది కొంచెం మారుతుంది. టాకోలు చేసే మనిషిని తకేరో అంటారు. మీ వంతు రాగానే ఆయనకే నేరుగా చెప్పాలి, ఆయనే ప్లేటు చేతికిస్తాడు. ప్లేట్లన్నీ అందాక చివర క్యాషియర్ దగ్గర డబ్బు కట్టాలి.

కొత్తవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. అన్నిటికంటే పొడుగ్గా కనిపించే లైన్లో నిలబడి, వంతు వచ్చాక ఆసాదా అడుగుతారు. ఆ పొడుగు లైను దాదాపు ఎప్పుడూ అడోబాదాదే, ఆసాదా కౌంటర్ పక్కన ఖాళీగా ఉన్నా ఉండొచ్చు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒక్కరే వెళ్ళి మూడు రకాలూ రుచి చూడాలనుకోవడం. మొదటి ప్లేటు పట్టుకుని రెండో లైన్లో నిలబడితే మొదటిది ఆరిపోతుంది. ముగ్గురు నలుగురు వెళ్తే తలా ఒక లైన్లో నిలబడండి, అందరివీ ఇంచుమించు ఒకేసారి చేతికొస్తాయి. ఒక్కరే వెళ్ళినవాళ్ళు ఆ పూటకి ఒకే లైనుకి కట్టుబడి మూడు నాలుగు టాకోలు తీసుకోవడం మేలు. ఆ ఒక్కటి అడోబాదా అయితే ఇంకా మేలు.

లైన్లు ఇలా విడగొట్టడం చూడ్డానికి గందరగోళంగా ఉన్నా, ఈ కొట్టు రుచికి మూలం అదే. ఒక తకేరో చేతిలో ఒకే మాంసం ఉంటుంది. కత్తి, పెనం, మంట, అన్నీ దానికి తగ్గట్టు అమర్చుకుని ఉంటాయి. మిగతా చోట్ల ఒకే పెనం మీద నాలుగు రకాల మాంసం వేడి చేసి, ఆర్డరు రాగానే గరిటెతో తీసి వడ్డిస్తారు. ఆ కాస్త తేడా నాలుక్కి బాగా తెలుస్తుంది.

అడోబాదా గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇది పంది భుజం మాంసం. మెక్సికోలో చాలాచోట్ల అల్ పాస్తోర్ అనేదాన్నే టిహువానా వైపు అడోబాదా అంటారు. నిలువు ఊచకి మాంసం గుచ్చి తిప్పుతూ కాల్చే ఈ పద్ధతి మెక్సికోకి లెబనాన్ వైపు నుంచి వలస వచ్చినవాళ్ళతో వచ్చింది. షవర్మా తిన్నవాళ్ళు చూడగానే పోల్చుకుంటారు. ప్వేబ్లా ఊళ్ళో అది అరబ్ టాకోగా మొదలై, తర్వాత పంది మాంసానికీ ఎర్ర మిరప ముద్దకీ మారింది. ఆ ముద్దలో సాధారణంగా పడేవి నానబెట్టి రుబ్బిన గ్వాహియో మిరపకాయలు, ఎర్ర రంగునిచ్చే అచియోతె గింజలు, వెనిగర్, వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో. గ్వాహియో కారం తక్కువ, రంగు ఎక్కువ. అందుకే చూడ్డానికి భయపెట్టేంత ఎర్రగా ఉన్నా, అడోబాదా దానంతటది మనకి కారంగా అనిపించదు.

మాంసాన్ని పల్చటి రేకులుగా కోసి, ఈ ముద్ద పట్టించి, నానాక ఊచకి ఒకదాని మీద ఒకటి గుచ్చుతారు. పైన వెడల్పుగా, కిందికి వచ్చేసరికి సన్నగా ఉండే ఆ గుత్తిని ట్రోంపో అంటారు. మంట పక్కనుంచి తగులుతుంటుంది, పైనున్న కొవ్వు కరిగి కిందికి జారుతూ రేకుల్ని తడుపుతుంటుంది. తకేరో కత్తి పైనుంచి కిందికి ఆడిస్తూ, కాలిన పైపొరని మాత్రం కాగితమంత పల్చగా చెక్కి, రెండో చేతిలోని టోర్టియాలో నేరుగా పడేలా చేస్తాడు. ఒక్కో ముక్కకి ఒక అంచు నల్లగా, కరకరలాడుతూ ఉండాలి. రెండో వైపు ఎర్రగా, తడిగా ఉండాలి. ఈ రెండూ ఒకే ముక్కలో ఉంటేనే అది మంచి అడోబాదా.

పాడయ్యేదీ ఇక్కడే. జనం విరగబడినప్పుడు పైపొర సరిగ్గా కాలేలోపే కోసేయాల్సి వస్తుంది. అప్పుడు ముక్కలు మెత్తగా, పాలిపోయి ఉంటాయి. వాటిని పెనం మీద వేసి మళ్ళీ వేడి చేస్తే నీరు వదిలి ఉడుకుతాయే తప్ప కాలవు. జనం బొత్తిగా లేనప్పుడు దానికి వ్యతిరేకం. పైపొర మంట దగ్గర ఎండి తోలులా సాగుతుంది. కాబట్టి లైను ఆగకుండా కదులుతూ, మరీ తోపులాట లేని వేళ చూసుకోవాలి. మామూలు రోజుల్లో సాయంత్రం, రాత్రి భోజనాల రద్దీ మొదలయ్యే ముందు వెళ్ళండి. శుక్ర, శనివారాలు అర్ధరాత్రి దాటాక కూడా కొట్టు తెరిచే ఉంటుంది గానీ, ఆ వేళ లైను తలుపు దాటి బయటికి వస్తుంది. కాసినోలుండే వేగస్ స్ట్రిప్ వీధి మీద బ్రాంచి సంగతి చెప్పక్కర్లేదు.

ఏ తకేరియాలోనైనా (టాకో కొట్టులోనైనా), అడిగే ముందే ట్రోంపో వైపు ఒకసారి చూడండి. తిరుగుతోందా, మంట వెలుగుతోందా, కోసిన చోట నల్లటి అంచులు కనిపిస్తున్నాయా? మూడూ ఉంటే నిశ్చింతగా అడగొచ్చు. ఊరి పేరు ఏదైనా, బోర్డు మీద అల్ పాస్తోర్ అని రాసుండీ లోపల ట్రోంపో కనిపించకపోతే, అది అదే ముద్ద పట్టించి పెనం మీద వేయించిన పంది మాంసం. తినొచ్చు, తప్పేం లేదు. కానీ దాని కోసం దూరం నుంచి రానక్కర్లేదు.

అనాసపండు ముక్క కావాలంటే 'కోన్ పిన్యా' అనండి. చిన్న ముక్క చాలు, కొవ్వుని కోసి నోటిని తేలిక చేస్తుంది. ఇంట్లో ప్రయత్నించేవాళ్ళకో మాట: పచ్చి అనాస రసం మసాలాలో కలిపి రాత్రంతా ఉంచితే మాంసం పిండి పిండిగా అయిపోతుంది. అందులోని బ్రోమెలైన్ మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది. వేడి చేసిన రసానికి ఆ గుణం పోతుంది.

కార్నె ఆసాదా అంటే కాల్చి చిన్న ముక్కలుగా నరికిన బీఫ్. బాగుంటుంది, గ్వాకమోలె (అవకాడో ముద్ద) ధారాళంగా వేస్తారు. మంచి ఆసాదా పెట్టే కొట్లు ఆ ప్రాంతంలో ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి, అడోబాదా వదిలి దీని లైన్లో నిలబడమని మాత్రం చెప్పలేం.

మూడో లైను మనవాళ్ళు సాధారణంగా పట్టించుకోనిది. అసలు పట్టించుకోవాల్సింది దాన్నే. తలకాయ మాంసం, బోటీ, భేజా తిని పెరిగినవాళ్ళకి ఇక్కడ వెగటు పుట్టించేదేమీ లేదు. కాబేసా అంటే పశువు తల మాంసం, ముఖ్యంగా దవడ కండ. ఆవిరి మీద గంటల తరబడి ఉడికి, వేలితో నొక్కితే విడిపోయేంత మెత్తగా ఉంటుంది. లెంగువా నాలుక. ఉడికించి, పైనున్న గరుకు చర్మం ఒలిచేసి, ఘనాకారంలో కోస్తారు. పేరు చెప్పకుండా పెడితే మెత్తటి కండ అనుకుంటారు. సెసోస్ మెదడు. సువాదేరో పశువు పొట్టకీ కాలికీ మధ్య నుంచి తీసే పల్చటి మాంసం. దాన్ని కొవ్వులో సన్నని సెగ మీద మగ్గించి, వడ్డించే ముందు పెనం మీద అంచులు కాలుస్తారు. ఈ లైన్లో ఒక్కటే ఎంచుకోవాలంటే సువాదేరో ఎంచుకోండి. లోపల వెన్నలా ఉండి, పైన కరకరలాడుతుంది.

త్రిపా అంటే చిన్న పేగు. శుభ్రం చేసి, ఉడికించి, తర్వాత వేయిస్తారు. దీన్ని అడిగేటప్పుడు ఒక మాట మర్చిపోకూడదు: 'బియెన్ దొరాదా'. బాగా ఎర్రగా వేయించమని. ఆ మాట అనకపోతే మెత్తగా, సాగుతూ రావచ్చు. మొదటిసారి తినేవాళ్ళకి ఆ మెత్తదనమే నచ్చదు. బాగా వేగిన త్రిపా కరకరలాడుతుంది, వాసన ఉండదు. కాకపోతే వేగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తకేరోని తొందరపెట్టకండి.

గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ తినని వాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇక్కడ చికెన్ లేదు. అడోబాదా, బూచె, చోరీసో (మసాలా సాసేజ్) పంది మాంసంవి. ఆసాదా, సువాదేరో, కాబేసా, లెంగువా, త్రిపా పశువువి. బూచె అంటే పంది పొట్ట. శాకాహారులకి మొక్కజొన్న టోర్టియా మీద చీజ్ కరిగించి, మాంసం లేకుండా కేసదీయా చేసివ్వమని అడగొచ్చు. అయితే పెనం, గరిటె వేరుగా ఉండవు. బీన్స్ ముద్దలో పంది కొవ్వు కలపడం మెక్సికన్ వంటలో మామూలే, కాబట్టి బీన్స్ ఉన్నదేదైనా 'తియెనె మాంతేకా?' (పంది కొవ్వు ఉందా?) అని అడిగి తీసుకోండి. నిష్ఠగా ఉండేవాళ్ళకి ఈ కొట్టు పనికిరాదు. ఇంట్లో అందరూ కలిసి తినాలనుకుని కారేసుకుని వచ్చాక ఈ సంగతి తెలిస్తే కష్టం.

టోర్టియా సంగతి చాలా రివ్యూల్లో ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. టాకో నిలబడేదీ, కూలేదీ దాని మీదే. మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బితే వచ్చే ముద్దని మాసా అంటారు. సున్నం వల్ల గింజ పైపొట్టు ఊడిపోతుంది, పిండికి అతుక్కునే గుణం వస్తుంది, టోర్టియాకి ఆ ప్రత్యేకమైన వాసనా వస్తుంది. మాసాలో గ్లూటెన్ ఉండదు. అందుకే దాని స్వభావం అచ్చం జొన్నరొట్టె స్వభావమే: వేడి మీద మెత్తగా వంగుతుంది, చల్లారితే విరుగుతుంది. ఇక్కడ కౌంటర్ వెనక మాసా ఉండల్ని వత్తి పెనం మీద వేస్తుంటారు. ఒక వైపు అర నిమిషంలోపు, తిప్పి రెండో వైపు ఇంకొంచెం ఎక్కువ, మళ్ళీ తిప్పగానే పొంగాలి. పొంగిన టోర్టియా లోపల ఆవిరి పట్టి మెత్తగా ఉంటుంది. పొంగనిది అట్టలా తయారవుతుంది.

కొని తెచ్చిన ప్యాకెట్ టోర్టియాలు పల్చగా ఉంటాయి. మాంసం రసానికి ఒకటి చినిగిపోతుందని బయట చాలా కొట్లలో రెండేసి వేస్తారు. అలా రెండు వేసినచోట కింద రాలిన ముక్కల్ని రెండో టోర్టియాలో ఎత్తుకుని ఇంకో బుల్లి టాకో చేసుకోవచ్చు. చేత్తో వత్తినది కాస్త మందంగా ఉంటుంది, రసాన్ని పీల్చుకున్నా తట్టుకుంటుంది. కానీ ఎంత మంచి టోర్టియా అయినా ఐదు నిమిషాలే. ప్లేటు చేతికి రాగానే ఫోటోలకని టేబుల్ మీద పరిచి, యాంగిల్ చూసుకుంటూ కూర్చుంటే అడుగు నానిపోతుంది.

వడ్డించేటప్పుడు తకేరో 'కోన్ తోదో?' అని అడుగుతాడు. ఉల్లిపాయ, కొత్తిమీర, సల్సా (మిరప చట్నీ), అవకాడో సాస్ అన్నీ వేయమంటారా అని. మొదటిసారి 'సీ' అనేయండి. ఏ మాంసానికి ఏ సాస్ పడుతుందో వాళ్ళకి తెలుసు, మాంసాన్ని బట్టి మారుస్తారు. ఉల్లిపాయ వద్దంటే 'సిన్ సెబోయా', సల్సా తక్కువ కావాలంటే 'పోకా సల్సా'. పిల్లల ప్లేటుకి సల్సా విడిగా అడగడం మంచిది. స్పానిష్ రాకపోయినా ఇంగ్లీషులో అడిగితే సరిపోతుంది, కాకపోతే రద్దీలో రెండు ముక్కల స్పానిష్ పని చకచకా కానిస్తుంది.

ఎర్ర సల్సాకి మనవాళ్ళు జడవక్కర్లేదు. జాగ్రత్తగా ఉండాల్సింది పెనం మీద కాల్చిన హాలపేన్యో పచ్చిమిరపకాయలతో. ఒకటి చప్పగా ఉంటుంది, దాని పక్కదే చెవుల్లోంచి పొగలు తెప్పిస్తుంది. చివర కొరికి చూసి ముందుకెళ్ళండి. ముల్లంగి చక్రాలు, కీర ముక్కలు పక్కన పెట్టేది అలంకారానికి కాదు. కొవ్వు మాంసం రెండు టాకోలు తిన్నాక నాలుక మొద్దుబారుతుంది, ఒక ముల్లంగి ముక్కతో మళ్ళీ తేరుకుంటుంది. నిమ్మకాయ మాత్రం కొరికే ముందు, ఒక్కో టాకో మీద విడివిడిగా పిండాలి. నాలుగింటి మీదా ముందే పిండేస్తే నాలుగోది చేతికొచ్చేసరికి అడుగు చినిగి ఉంటుంది.

పట్టుకోవడానికీ ఒక ఒడుపుంది. బొటనవేలు ఒకవైపు, చూపుడు వేలూ మధ్య వేలూ రెండోవైపు. వెనక చివరని ఉంగరపు వేలితో కాస్త పైకెత్తి ఆపాలి, లేకపోతే అటునుంచి రసం మోచేతి దాకా కారుతుంది. టాకోని నిటారుగా వంచకూడదు. దాన్ని అడ్డంగా ఉంచి తలనే పక్కకి వంచాలి, ప్లేటు మీదికి వంగి తినాలి. ఫోర్కుతో తింటే టోర్టియా, మాంసం, సల్సా మూడూ వేరు వేరు రుచులుగానే ఉండిపోతాయి.

మూల, సోపె (అంచులు ఎత్తిన మందపాటి మాసా రొట్టె), తొస్తాదా (కరకరలాడే టోర్టియా) కూడా దొరుకుతాయి. రెండు టోర్టియాల మధ్య చీజ్, మాంసం పెట్టి కాల్చేది మూల. చీజ్ ఇష్టమైనవాళ్ళకీ పిల్లలకీ నచ్చుతుంది. అడోబాదా వేసిన ఫ్రైస్ మాత్రం వద్దు. ప్లేటు పెద్దది, ఇద్దరికి సరిపోతుంది, నిజమే. కానీ సాస్ బరువుకి బంగాళదుంప నిమిషాల్లో మెత్తబడుతుంది, అంత ఓపిగ్గా కాల్చి చెక్కిన మాంసం రుచి ఆ ముద్దలో కలిసిపోతుంది.

తాగడానికి హమైకా దొరికితే తీసుకోండి. ఎండిన ఎర్ర పూల రక్షక పత్రాలని మరిగించి, చక్కెర కలిపి చల్లబరిచిన పానీయం అది. ఆ మొక్క హైబిస్కస్ సబ్దరిఫా, అంటే మన ఎర్ర గోంగూరే. మనం ఆకు వండుకుంటాం, వాళ్ళు కాయ చుట్టూ ఉండే ఎర్ర రెక్కలు తాగుతారు. ఆ పులుపు అడోబాదా కొవ్వుకి సరిగ్గా విరుగుడు. బియ్యం, దాల్చిన చెక్కతో చేసే ఓర్చాతా తియ్యగా ఉంటుంది, కారం తగ్గించడానికి మంచిదే గానీ పెద్ద గ్లాసు తాగితే మూడో టాకోకి చోటుండదు.

ఎన్ని తీసుకోవాలంటే, మామూలు ఆకలికి మనిషికి నాలుగు, బాగా ఆకలిగా ఉంటే ఐదారు. ఇద్దరు వెళ్తే మొదటి విడత ఇలా చెప్పండి: అడోబాదా నాలుగు, సువాదేరో రెండు, బియెన్ దొరాదా త్రిపా ఒకటి పంచుకోవడానికి. లైను పల్చగా ఉంటే ఒకేసారి అన్నీ తీసుకోకుండా రెండు విడతలుగా వెళ్ళండి. ఒకప్పటి డాలర్ టాకో రోజులు అన్నిచోట్లా పోయాయి, ఇక్కడ కూడా ధరలు పెరిగాయి. అయినా అదే డబ్బుకి పక్కనున్న బర్గర్ చెయిన్లో దొరికేదానితో పోలిస్తే ఇక్కడి నాలుగు టాకోల విలువే ఎక్కువ. టిప్పు డబ్బా తకేరో ముందుంటే అందులోనే వేయండి. గంటల తరబడి మంట పక్కన కత్తి ఆడించేది ఆయనే.

పార్సిల్ సంగతి. మూతపెట్టిన డబ్బాలో టాకోలు పది నిమిషాల్లో ఆవిరికి చెమర్చి నానిపోతాయి. తప్పదనుకుంటే మాంసం, టోర్టియాలు, సల్సా, ఉల్లి కొత్తిమీర విడివిడిగా కట్టివ్వగలరేమో అడగండి. హోటల్ గదిలో మైక్రోవేవ్ ఒక్కటే ఉంటే టోర్టియాలని తడి టిష్యూలో చుట్టి అర నిమిషం పెట్టండి, అంతకు మించితే గట్టిపడతాయి. ఇంట్లో పెనం ఉంటే నూనె వేయకుండా బాగా కాలనిచ్చి, టోర్టియా రెండు వైపులా కాసేపు కాల్చి గుడ్డలో చుట్టి పెట్టండి. అడోబాదాని అదే పెనం మీద పల్చగా పరిచి, కదపకుండా వదిలేయండి. కదిపితే నీరు వదులుతుంది. ఒక వైపు అంచులు నల్లబడగానే దించేయండి, రెండో వైపు కాల్చక్కర్లేదు.